నా తలలో అక్క చెయ్యి

నాకు కోపం వస్తే మా అక్క చేతిలో గ్లాసు జారి పడుతుంది. మాటవరసకు అంటున్నాననుకోకండి, నిజంగానే పడుతుంది. నేను పెరట్లో నిలబడి పాలవాడి మీద ఇంతెత్తున లేస్తే, వీధరుగు మీద కూర్చున్న అక్క ఒళ్ళో కాఫీ ఒలికిపోతుంది.

అక్కంటే తోడబుట్టింది కాదు, తోటికోడలు. పేరు సుభద్ర, మా బావగారి భార్య. నేను తాయారుని, ఆ ఇంటి చిన్నకోడలిని. నా నోటి సంగతి మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. అలాంటిదాన్ని కూర్చోబెట్టి, ‘అమ్మా, మీకు కోపం రాకూడదు, ఏడుపు రాకూడదు, మనసు నిమ్మళంగా ఉంచుకోవాలి’ అన్నారు ఆసుపత్రివాళ్ళు. గోదారికి వెళ్ళి ఈ ఏడు వరద వద్దమ్మా అని చెప్పినట్టుంది.

మాది ఆత్రేయపురం పక్కన చిన్న ఊరు. పూతరేకులు చేసుకుని బతుకుతాం. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో తెల్లగుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. ఆ లాగడంలోనే ఉంది పనంతా. చెయ్యి ఆగితే మందం, తొందరపడితే చిల్లు. నేను కాపరానికి వచ్చేనాటికి నాకు అట్టు తిరగెయ్యడం కూడా చేతకాదు. అక్క తన కుండకు ఎదురుగా నాకో కుండ పెట్టించింది. ఏమీ నేర్పలేదు. ‘నోరు మూసుకుని నా చెయ్యి చూడు’ అంది, అంతే. చూశాను. చూడగా చూడగా ఒకనాటికి నా చెయ్యి కూడా అలాగే కదలడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పాతికేళ్ళ పైచిలుకు ఎదురెదురుగా కూర్చున్నాం. చీరల దగ్గర పోట్లాడుకున్నాం, మాగాయ జాడీ దగ్గర పోట్లాడుకున్నాం, నెలల తరబడి మాటలు మానేశాం. మాటల్లేని రోజుల్లో కూడా మా ఇద్దరి గుడ్డలూ ఒక్కసారే కుండ మీదికి లేచేవి.

అలాంటి మనిషికి వణుకుడు జబ్బు వచ్చింది. ముందు చిటికెన వేలు, తర్వాత కుడిచెయ్యి, ఆ తర్వాత కాళ్ళు. గుమ్మం దగ్గరికి వచ్చి అడుగు పడక అలా నిలబడిపోయేది. మాత్రలు కొన్నాళ్ళు పనిచేసి మొరాయించాయి. పట్నంలో పెద్ద డాక్టరు, మెదడులోకి సన్నటి తీగలు దింపి, జబ్బ కింద చర్మంలో బ్యాటరీ పెట్టి కరెంటు ఇస్తామన్నాడు. మనిషి మెలకువగా ఉండగానే చేసే ఆపరేషనట. గుండు గీయడానికి ఆసుపత్రి కుర్రాడు వచ్చినప్పుడు అక్క, ‘తిరుపతి మొక్కు ఒకటి బాకీ ఉంది బాబూ, ఇది దాని కింద జమ వేస్తారేమో ఆ స్వామినడుగు’ అంది.

ఆపరేషనయ్యాక అక్క నడిచింది, చెంచాతో అన్నం తింది. మేం దేవుడికి దండం పెట్టుకున్నాం. కానీ ఇంటికొచ్చి కుండ ముందు కూర్చుంటే రేకు రాలేదు. చెయ్యి వణకదు గానీ ఆ లాగు లేదు. అక్క తడిగుడ్డని పిండి, ఆరేసి, లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పడక చూసి నాకు భయం వేసింది.

మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళితే, అక్కడ షాహీన్ అనే ఇంజనీరమ్మాయి ఒక కొత్త ప్రయోగం గురించి చెప్పింది.

“మెదడులో ప్రతి కదలికకీ ఒక లయ ఉంటుందాంటీ. జబ్బు దాన్ని చెదరగొట్టింది. మేమిచ్చే కరెంటు ఆ చెదిరిన చప్పుడుని అణిచిపెడుతుంది, అంతే. పోయిన లయని తెచ్చి పెట్టలేదు. ఎవరి దగ్గరైనా అరువు తీసుకోవాలి” అంది.

అరువిచ్చే మనిషి తలకు ఒక పట్టీ పెడతారు. ఆ పట్టీ వాళ్ళ మెదడు లయని పట్టుకుని, నడుముకు కట్టుకున్న చిన్న పెట్టె ద్వారా ఎంత దూరం నుంచైనా అక్క బ్యాటరీకి ఎప్పటికప్పుడు పంపిస్తుంది. రక్తసంబంధం ఉన్నవాళ్ళది సరిపోతుందనుకున్నారు. అక్క కొడుకుది పెట్టారు, చెల్లెలిది పెట్టారు, కుదరలేదు. చివరికి బావగారిది పెడితే అక్క చెయ్యి పైకి లేచి గాల్లో ఆగిపోయింది.

“ఈయన వరసే ఇంత. ఏ పనీ చివరంటా చెయ్యరు” అంది అక్క, గాల్లో చెయ్యి అలాగే పెట్టుకుని.

నేను క్యారేజీ పట్టుకుని ఒక మూల కూర్చున్నాను. షాహీన్‌కు విసుగొచ్చినట్టుంది, “ఆంటీ, మీరూ ఒకసారి పెట్టుకోండి” అంది. పెట్టుకున్నాను. అక్క వేళ్ళు ముడుచుకున్నాయి, గుడ్డ చివర పట్టుకున్నట్టు. చెయ్యి లేచింది. గాల్లోనే, లేని కుండ మీద, ఎడమనుంచి కుడికి ఒక్క లాగు లాగింది.  ఆ లాగు నాకు తెలుసు.

షాహీన్ నాకు ఈ పని ఎవరు నేర్పారో అడిగి, పలకలాంటి తన టాబ్లెట్ మీద గీతల్ని పెద్దవి చేసి, చిన్నవి చేసి చాలాసేపు చూసింది. “ఇది మీ లయ కాదాంటీ, ఆవిడదే. ఆవిణ్ణి చూసి నేర్చుకున్నారు కదా, అది మీ తలలో చెక్కుచెదరకుండా ఉండిపోయింది” అంది.

“ఓసి దొంగమొహమా! ఇన్నేళ్ళూ నా చెయ్యి నీ తలలో దాచుకుని తిరిగేవుటే!” అంది అక్క.

అని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నేనూ భోరుమన్నాను. నేను ఏడవగానే అక్క చెయ్యి కొయ్యబారిపోయింది, నోరు బిగుసుకుపోయింది. షాహీన్ పరుగున వచ్చి నా తలమీది పట్టీ లాగేసింది. నా మనసు కుదురుగా ఉంటేనే ఆ లయ సరిగ్గా వెళుతుందని అప్పుడు తెలిసింది.

ఇక మొదలైంది నా వైభోగం.

పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆ పట్టీ నా జుట్టులో ఉండాలి. రాత్రి పడుకున్నాక మామూలు కరెంటు చూసుకుంటుంది. అక్క మళ్ళీ కుండ ముందు కూర్చుంది. మొదటి రేకు లేచినప్పుడు వీధంతా వచ్చి చూసింది. ఇంట్లోవాళ్ళు నన్ను పురిటాలిని చూసుకున్నట్టు చూశారు. నాకు మంచినీళ్ళయినా ముంచివ్వని మా ఆయన, “కూర్చోవే, కూర్చో” అంటూ పీట వేసేవాడు. టీవీలో సీరియల్ వస్తే బావగారు కట్టేసేవారు, అందులో అత్త కోడల్ని కొడుతుందని. పక్కింటి సూరమ్మ మా గోడ మీంచి చెత్త పోసినా నన్ను లోపలికి తీసుకుపోయేవారు. సూరమ్మకి ధైర్యం వచ్చి రోజూ పొయ్యడం మొదలుపెట్టింది.

నాకు మాత్రం ఒంట్లో ఒకచోట నిలకడ లేకుండా పోయింది. తిట్టాల్సిన మాట గొంతుదాకా వచ్చి ఆగితే ఎక్కడికి పోతుంది? కడుపులోకి దిగి అక్కడ కుతకుతమంటుంది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు. పెరట్లో బాదంచెట్టు నుంచి బావిదాకా, బావి నుంచి బాదంచెట్టుదాకా తిరిగేదాన్ని. డాక్టర్లు ఊపిరి మెల్లగా పీల్చి వదలమన్నారు. పీల్చి వదిలితే సూరమ్మ చెత్త కంపు కొట్టింది.

ఒకసారి వైజాగులో ఉన్న మా అమ్మాయి స్కూటీ మీదనుంచి పడి మోకాలు చీరుకుంది. నాకెవరూ చెప్పలేదు. కుట్లు విప్పేశాక నోరుజారి మా ఆయనే బయటపెట్టాడు. అప్పుడిక ఆగలేకపోయాను. “నా పిల్ల కాలు విరిగినా నాకు చెప్పరా? నేనేమన్నా కరెంటు స్తంభాన్నా?” అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. స్నానాలగదిలోంచి దభీమని చప్పుడొచ్చింది. అక్క పడిపోయింది. నుదురు పగిలి, బట్టలన్నీ రక్తం.

అక్క కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక, “నీ కోపం నాకు తెలియందా, కాపరానికొచ్చినప్పట్నించీ చూస్తన్నాను కాదూ” అంది. నవ్వింది కూడా. నేను మాత్రం ఆ రక్తం మరిచిపోలేకపోయాను. కోపాన్ని వచ్చింది వచ్చినట్టే మింగడం నేర్చుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసేంత మంచిదాన్నయిపోయాను.

“నువ్వు తిట్టడం మానేసేక ఈ ఇల్లు బోసిపోయిందే” అంది అక్క ఒకరోజు, రేకు తీస్తూ.

“నీ చెయ్యి ఆడుతోంది కదా, అది చాలు” అన్నాను.

అక్క మళ్ళీ గుడ్డ ముంచింది.

ఈలోగా ఆసుపత్రివాళ్ళు ఒక రోజు పెట్టుకున్నారు. ఎక్కడెక్కడి డాక్టర్లో మా ఊరు వచ్చి, మా పాకలో కూర్చుని, అక్క రేకు తియ్యడం కళ్ళారా చూస్తారట. కాగితం కన్నా పల్చటి రేకు తియ్యగలిగితే ఇంక ఏ పనైనా చెయ్యగలిగినట్టే. వాళ్ళు సరేనంటే ఈ పట్టీ మిగతా రోగులకీ ఇస్తారు. “మీ వెనక చాలామంది ఎదురుచూస్తున్నారాంటీ” అంది షాహీన్.

అదే సమయానికి ముమ్మిడివరంలో మా అమ్మకి ఆయాసం ఎక్కువైంది. పెద్దదైపోయింది, చలికాలం వస్తే మామూలే. ఒకసారి చూసొస్తానన్నాను. “డాక్టర్లు వచ్చెళ్ళేక నేనే తీసుకెళ్తాను కదమ్మా. అక్కడ మీ అమ్మని చూసి నువ్వు బెంగెట్టుకుంటే ఇక్కడ మీ అక్క గతేంటి?” అన్నారు బావగారు. తమ్ముడికి ఫోన్ చేస్తే అమ్మే మాట్లాడింది. “నాకేం, దుక్కలా ఉన్నాను. నువ్వు పనయ్యాకే రా” అంది దగ్గుతూ. సరేనన్నాను.

ఆ రోజు వచ్చింది. పొద్దున్నే మా ఆయన కాఫీ కలిపి తెచ్చాడు. పీట వెయ్యడం అలవాటైంది గానీ, పొయ్యి దగ్గరికి ఈ మనిషి ఎప్పుడూ వెళ్ళలేదు. పంచదార బదులు ఉప్పు వెయ్యనందుకు సంతోషించి తాగాను.

“నా ఫోనేదండీ?”

“ఛార్జింగ్ పెట్టేను. ఇప్పుడెందుకే నీకు ఫోను? పట్టీ పెట్టుకో, వాళ్ళొచ్చేస్తారు” అన్నాడు, నా మొహం చూడకుండా.

 మళ్ళీ ఏదో దాస్తున్నారు. అమ్మాయి ఏమైనా చేసిందా? సూరమ్మ గోడ కూల్చిందా? అడగబోయి ఆగిపోయాను. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే కోపం వస్తుంది. ఎదురుగా అక్క జరీచీర కట్టుకుని, నుదుటి మీద మచ్చ కనపడకుండా పెద్ద బొట్టు పెట్టుకుని, మండుతున్న కుండ ముందు కూర్చుని ఉంది. ఊపిరి పీల్చి వదిలాను.

డాక్టర్లు కుర్చీల్లో సర్దుకున్నారు. షాహీన్ పలక చూసుకుంటూ నా చెవి దగ్గర, “ఆంటీ, ఏదైనా ఆలోచిస్తున్నారా? కొంచెం అలజడిగా ఉంది” అంది. ఏం లేదన్నాను. కళ్ళు మూసుకుని అక్క చెయ్యినే తలుచుకున్నాను. నా కాపరం కొత్తలో, గాజులు మోచేతిదాకా తోసుకుని, నన్ను చూడమన్న చెయ్యి.

అక్క గుడ్డ ముంచింది. లాగింది. రేకు లేచింది. రెండు చేతుల వేళ్ళతో అంచులు పట్టి ఎత్తి వెలుతురుకి పెడితే, దాని వెనకనుంచి బావగారి మీసం కూడా కనిపించింది. డాక్టర్లు చప్పట్లు కొట్టారు. అక్క వాళ్ళని చూడలేదు. నన్నే చూస్తోంది.

రెండోసారి గుడ్డ ముంచి, లాగకుండా గిన్నె అంచుకి వేసేసింది. లేచి నిలబడింది. మెల్లగా, ఎక్కడా తడబడకుండా కుండల్ని చుట్టి నా దగ్గరికొచ్చింది. రెండు చేతులూ నా జుట్టులో పెట్టి, ఒక్క వెంట్రుకయినా తెగకుండా పట్టీ విప్పి షాహీన్ చేతిలో పెట్టింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకసలే కాలేదు.

తర్వాత నా మొహాన్ని రెండు చేతుల మధ్యకి తీసుకుంది.

“తాయారూ, మీ అమ్మ పోయిందే. తెల్లారగట్ల పోయిందంట. వీళ్ళు నీకు చెప్పలేదు. ఇంక ఏడు.”

మా వైపు చావుకబురు ఎవరూ ఇలా మొహం మీద చెప్పరు. ‘కొంచెం సీరియస్‌గా ఉంది, బయల్దేరి రా’ అంటారు. దారంతా మనిషి బతికే ఉందనుకుని, ఊళ్ళోకి వెళ్ళి వాకిట్లో జనాన్ని చూసి తెలుసుకోవాలి. మావాళ్ళు నాకు ఆ అబద్ధం కూడా దక్కనివ్వలేదు.

“మధ్యాన్నం చెబుదామనే అనుకున్నామే. ఒక్కపూటే కదా అని అన్నయ్యా నేనూ...” మా ఆయన నసిగాడు.

“ఒక్కపూటా? మా అమ్మ శవమై పడుంటే నాకు కాఫీ కలిపి తెస్తావా? మా తమ్ముడు నాకోసం వీధిలోకి చూస్తూంటే నేనిక్కడ ఊపిరి పీల్చి వదులుతూ కూర్చోవాలా?” అన్నాను. ఇంకా చాలా అన్నాను. బావగారిని ఎన్నడూ ఎదురుగా నిలబడి ఒక్క మాట అననిదాన్ని, “మీరసలు మనుషులేనా!” అనేశాను.  తర్వాత మాటలు అయిపోయి, “అమ్మా” అని అక్క చేతుల్లోనే మొహం పెట్టి ఏడ్చాను. ఎన్ని నెలల ఏడుపో అది.

నా చెంప మీద అక్క చెయ్యి వణకడం మొదలుపెట్టింది. పని మధ్యలో ఇలా ఒక్కసారిగా పట్టీ తీసేస్తే మామూలు కరెంటు అందుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుందని షాహీన్ ముందే చెప్పింది. కాళ్ళు నేలకి అంటుకుపోయాయి. అక్క కొడుకు వచ్చి వెనకనుంచి పట్టుకున్నాడు. డాక్టర్లలో ఒకాయన షాహీన్‌తో ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

“ఇంకొక్క పది నిమిషాలు పట్టీ పెట్టుకోగలరా అని అడుగుతున్నారు. కుదరదని చెప్పేశాను” అంది షాహీన్. పట్టీని బ్యాగులో పడేసి జిప్పు లాగింది. ఆ పిల్ల కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. “నాకు తెలీదాంటీ. ఒట్టు. తెలిస్తే రానిచ్చేదాన్ని కాదు” అంది. నమ్మాను. వాళ్ళు వచ్చిన కారులోనే మమ్మల్ని ఎక్కించింది.

అక్క నాతో వస్తానని పట్టుబట్టింది. ఇద్దరు ఎత్తి కూర్చోబెట్టాల్సివచ్చింది. లంకల మీదుగా కారు పోతూంటే, బిగుసుకుపోయిన నోటితో ముక్కలు ముక్కలుగా చెప్పింది.

“మీ బావగారు పాక వెనకాల ఫోనులో... అంటంటే విన్నానే. వాళ్ళు రాకముందే విన్నాను. వెంటనే చెప్పలేకపోయేను. ఒక్కటి... ఒక్క రేకు తీసి చెబుదామని ఆశ పుట్టింది. ఇంక తియ్యనేమో అని.”

నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. ఒళ్ళు మండింది. మా అమ్మ కన్నా రేకు ఎక్కువైందా నీకు అని నోటిదాకా వచ్చింది. అనేశాను కూడా. ఆ పూట నేను దేన్నీ మింగదలచుకోలేదు. అక్క కళ్ళు మూసుకుంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి అందడం లేదు. కాసేపటికి నేనే నా కొంగుతో తుడిచాను.

తమ్ముడు అమ్మని ఐసు పెట్టెలో ఉంచి నాకోసం ఆపాడు. చూశాను. దుక్కలా ఉన్నానన్న మనిషి చేతికర్రంతయిపోయింది. మీద పడి ఏడ్చాను. అక్క పక్కనే చాప మీద ఒరిగి కూర్చుంది. నేను ఎంత ఏడ్చినా తన చెయ్యి మారలేదు. తన వణుకు తనకుంది.

మగవాళ్ళు శ్మశానం నుంచి తిరిగొచ్చి స్నానాలు చేసేసరికి పొద్దుగూకింది. పక్కింటివాళ్ళు అన్నం, పప్పు తెచ్చారు. షాహీన్ ఫోన్ చేసింది. డాక్టర్లు ఒక్క రేకు చూసి సరేనన్నారో లేదో ఇంకా చెప్పలేదట. పట్టీ తన దగ్గరే ఉంటుందని, నేను అడిగేదాకా తనూ అడగనని చెప్పింది.

“ఇంకొద్దని చెప్పెయ్యి. మామూలు కరెంటు అందుకుంటే నడుస్తాను, తింటాను, చాలు నాకు” అంది అక్క.

“వద్దనడానికి నువ్వెవరు? తల నాది. అమ్మ పెద్దకర్మ అయ్యేదాకా కడుపారా ఏడుస్తాను. ఆ తర్వాత పెట్టుకుంటాను. అయితే ఇంక ఊపిర్లు పీల్చను. నాకు కోపం వస్తే అరుస్తాను. ముందుగా ‘అక్కా, కూర్చో’ అని కేకేసి మరీ అరుస్తాను. రేకు చిరిగితే చిరుగుతుంది. నాకేదైనా దాచారని తెలిసిందా, ఆ పట్టీ తీసుకెళ్ళి గోదాట్లో పారేస్తాను.”

 “చిరగనీ. చిరిగిన రేకులు మనమే తిందాం” అంది అక్క.

మా మరదలు నా ముందు కంచం పెట్టింది. నేను దాన్ని పక్కకి నెట్టేశాను. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి తినమని బతిమాలాడు, వినలేదు. ఎవరు చెప్పినా వినలేదు. అప్పుడు అక్క చాప మీద నుంచి ఒళ్ళు ఈడ్చుకుంటూ జరిగి కంచం దగ్గరికి లాక్కుంది. పప్పన్నం కలిపింది. ముద్ద చెయ్యడానికి ఎంతసేపు పట్టిందో. ఎత్తింది. చెయ్యి ఇటూ అటూ కొట్టుకుంటూ నా మొహంవైపు వస్తోంది. ఒకసారి ముక్కుకి తగిలింది, ఒకసారి గడ్డానికి తగిలింది. సగం మెతుకులు నా చీర మీద రాలిపోయాయి. మిగిలిన సగం నోట్లో పెట్టింది.

నమిలి మింగాను. మళ్ళీ నోరు తెరిచాను.